చెవిన వేసుకోవలసిన కథ: ఒమన్‌లో వినికిడి చరిత్ర

ఒమన్ అనగానే మనవాళ్ళకు గుర్తుకొచ్చేవి ఎండ, ఖర్జూరం, సాంబ్రాణి, రియాలు. కడప, గోదావరి జిల్లాల నుంచీ, కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుంచీ గల్ఫ్‌కు వెళ్ళినవాళ్ళ ఇళ్ళలో మస్కట్ అన్న మాట పక్క ఊరి పేరంత మామూలుగా వినిపిస్తుంది. అయితే ఆ దేశ చరిత్రలో మనం పెద్దగా పట్టించుకోని ఒక చిన్న అధ్యాయం ఉంది. అది చెవుల గురించి. చెవి డాక్టరే లేని స్థితి నుంచి, పుట్టిన బిడ్డ ఊయలకెక్కక ముందే వినికిడి పరీక్ష చేసే స్థితికి ఒక దేశం ఒక్క తరంలో ఎలా వచ్చిందన్నదే ఆ అధ్యాయం. దాని మధ్యలో మన తెలుగు ఇళ్ళకు బాగా దగ్గరైన విషయం ఒకటి దాగుంది. అదే నా చేత ఈ వ్యాసం రాయిస్తోంది.

ముందే చెప్పేస్తాను, నేను చదివింది ఇంజనీరింగు, వైద్యం కాదు. అయినా చెవిని చూసి ముచ్చటపడని ఇంజనీరు ఉండడు. లోపలి చెవిలో, బఠాణీ గింజంత నత్తగుల్లలో, సుమారు పదిహేను వేల సూక్ష్మమైన రోమకణాలు ఉంటాయి. వాటిలో మెదడుకు శబ్దాన్ని చేరవేసేవి మూడున్నర వేలు మాత్రమే. అవే గుసగుస నుంచి పిడుగు దాకా అన్నీ పట్టుకుంటాయి. ఈ యంత్రానికి విడిభాగాలు దొరకవు. చచ్చిన రోమకణం మనిషిలో మళ్ళీ మొలవదు. కోడికి మొలుస్తుంది, మనకు మొలవదు!

ఇక ఒమన్ సంగతి. 1970 జూలై 23న సుల్తాన్ ఖాబూస్ గద్దెనెక్కేనాటికి ఆ దేశమంతటికీ ఉన్న బడులు మూడు, తారురోడ్డు పది కిలోమీటర్లు. వైద్యమంటే ప్రధానంగా మస్కట్, ముత్రాలలో అమెరికన్ క్రైస్తవ మిషన్ నడిపిన ఆసుపత్రులే. డాక్టర్ షారన్ థామ్స్ అనే అమెరికన్ 1909లో అక్కడ వైద్యం మొదలుపెట్టాడు. 1913లో టెలిఫోను తీగ కడుతూ స్తంభం మీద నుంచి పడి చనిపోయాడు. ఆయన కొడుకు వెల్స్ థామ్స్ కూడా డాక్టరై 1939లో అదే ఊరికి వచ్చి, 1970 దాకా అక్కడే పనిచేశాడు. ఇలాంటి ఇద్దరు ముగ్గురు డాక్టర్లే మలేరియా, క్షయ, ట్రకోమా, కాన్పులు అన్నీ చూసుకోవాలి. చెవిలో చీము కారుతోందని ఎడారి దాటి వచ్చేవాడెవడు? పల్లెల్లో కాల్చిన ఇనుముతో వాత పెట్టే వైద్యం ఉండేది. దాన్ని ‘వస్మ్’ అంటారు. మన పల్లెల్లోనూ పచ్చకామెర్లకు వాతలు పెట్టిన రోజులు ఉన్నాయి గనుక మనం నవ్వనక్కర్లేదు.

1970 తర్వాత ఆరోగ్య మంత్రిత్వశాఖ ఏర్పడింది. చమురు ఎగుమతి 1967లోనే మొదలైంది గనుక చేతిలో డబ్బు ఉంది. మస్కట్‌లోని రువీ ప్రాంతంలో 1970లలో వచ్చిన అల్ నహ్దా ఆసుపత్రి క్రమంగా చెవి, ముక్కు, గొంతు వైద్యానికి దేశానికంతటికీ కేంద్రమైంది. బధిర బాలల కోసం అల్ అమల్ అనే ప్రభుత్వ పాఠశాల వెలిసింది. అమల్ అంటే ఆశ. అయితే ఆసుపత్రి కట్టడం, బడి పెట్టడం డబ్బున్న ఏ దేశమైనా చేయగలిగిందే. నన్ను ఆకట్టుకున్నది ఆ తర్వాత వాళ్ళు చేసిన పని. లెక్క పెట్టారు.

1996-97లో ఒమన్ ప్రభుత్వం చూపు, వినికిడి లోపాలపై దేశవ్యాప్తంగా సర్వే చేయించింది. ఆసుపత్రికి వచ్చినవాళ్ళను లెక్కపెడితే వచ్చినవాళ్ళే తెలుస్తారు, రానివాళ్ళు తెలియరు. అందుకే జనం మధ్యకు వెళ్ళి పరీక్షలు చేశారు. అల్ నహ్దాకు చెందిన డాక్టర్ మాజిన్ అల్ ఖబూరి, అక్కడి ఆరోగ్యశాఖలో పనిచేసిన భారతీయ వైద్యుడు డాక్టర్ రాజీవ్ ఖండేకర్ కలిసి ఆ ఫలితాలను 2004లో ప్రచురించారు. జనాభాలో నూటికి ఐదుగురికి పైగా ఏదో ఒక మేర వినికిడి లోపం ఉన్నట్టు తేలింది. పెద్దవాళ్ళలో వయసు కారణం. మిగతావాళ్ళలో మధ్యచెవి జబ్బులు పెద్ద కారణం. అంటే చీము కారే చెవి, చిల్లుపడిన కర్ణభేరి. సకాలంలో చూపిస్తే చాలావరకు తప్పించుకోగలిగినవే.

పుట్టు చెవుడు సంగతి వేరు. ఇక్కడే కథ మన గుమ్మంలోకి వస్తుంది.

1986 నుంచి 2000 దాకా సేకరించిన 1,400 మంది వినికిడి లేని ఒమనీ పిల్లల కుటుంబ వివరాలను డాక్టర్ అల్ ఖబూరి, లండన్ జన్యుశాస్త్రవేత్త మైకేల్ పాటన్ పరిశీలించి 2008లో ప్రకటించారు. ఆ పిల్లల్లో నూటికి 70 మంది తల్లిదండ్రులు రక్తసంబంధీకులు. ఆ 70 మందిలోనూ ఎక్కువమంది నేరుగా అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ బిడ్డలే. అంతకుముందు 2000లో వచ్చిన మరో అధ్యయనం ప్రకారం ఒమన్‌లో మొత్తం పెళ్ళిళ్ళలో సొంత తెగలో చేసుకున్నవి కూడా కలిపితే దగ్గరి సంబంధాలు 56 శాతం. అందులో తొలి తరం దాయాదుల మధ్య జరిగినవి 24 శాతం. ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే చెవుడు ఎటువైపు మొగ్గిందో తెలిసిపోతుంది.

అరబ్బుల ఆచారంలో తండ్రి అన్నదమ్ముల కూతురిని చేసుకోవడం మర్యాద. మనకు ఆ పిల్ల చెల్లెలు, ఆ మాట వింటేనే చెవులు మూసుకుంటాం. మనం మేనత్త కొడుకునీ, మేనమామ కూతుర్నీ చేసుకుంటాం. ఇంకా ముందుకెళ్ళి అక్క కూతురిని కూడా చేసుకుంటాం. వాళ్ళ మతంలో అది నిషిద్ధం. ఎవరి వరస వాళ్ళకు ముద్దు. కానీ జన్యువులకు వరసలు తెలియవు. పినతండ్రి కూతురైనా మేనమామ కూతురైనా లెక్క ఒకటే. పుట్టే బిడ్డలో ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం పదహారింట ఒకటి. మేనమామనే చేసుకుంటే అది ఎనిమిదింట ఒకటి.

ఈ విషయాన్ని తెలుగునాట మొదట శాస్త్రీయంగా పట్టించుకున్న వారిలో మనవాడే ఒకరు ఉన్నారు. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు గారు కలకత్తాలో జె.బి.ఎస్. హాల్డేన్ మహాశయుని శిష్యులయ్యారు. ఆంధ్రప్రదేశ్‌లో దగ్గరి సంబంధాల పెళ్ళిళ్ళు ఎన్ని, వాటి ఫలితాలేమిటి అన్నదానిపై మీరా ఖాన్‌తో కలిసి 1963లోనే వ్యాసం ప్రచురించారు. విచిత్రమేమంటే ఆయన తొలి పరిశోధనల్లో ఒకటి కూడా చెవికి సంబంధించిందే. మగవాళ్ళ చెవుల మీద మొలిచే వెంట్రుకలు తండ్రి నుంచి కొడుక్కి ఎలా వస్తాయన్నది. తర్వాత ఆయన అమెరికా వెళ్ళి హ్యూస్టన్‌లో స్థిరపడి, 2020లో కన్నుమూశారు. మన ప్రవాసుల మధ్య అన్నేళ్ళు ఉన్న ఆయన పేరు మన సంచికల్లో మరికాస్త ఎక్కువగా కనిపించి ఉండాల్సిందని నా అభిప్రాయం.

ఆ వ్యాసం వచ్చి అరవై ఏళ్ళు దాటింది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనూ ఆంధ్రప్రదేశ్‌లో దగ్గరి సంబంధాల పెళ్ళిళ్ళు సుమారు నాలుగోవంతు ఉన్నాయి. తెలంగాణలో కొంత తక్కువ. దేశంలో ఇది ఎక్కువగా ఉన్న రాష్ట్రాలన్నీ దక్షిణాదివే. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వినికిడి లోపం ఉన్నవారు 3.34 లక్షల మంది అని నమోదైంది. ఇందులో మేనరికం వాటా ఇంత అని జనగణన చెప్పదు. ఒమన్ అంకెలను తెచ్చి మనకు అతికించడమూ సరికాదు. పైగా చెవుడు తెచ్చే జన్యువులు జాతిని బట్టి మారుతాయి. మన దేశంలో ‘కనెక్సిన్ 26’ అనే జన్యువులో ఒక ప్రత్యేకమైన మార్పు తరతరాలుగా వస్తోందని 2003లో తేలింది. ఒమనీలలో చూస్తే ఆ జన్యువులో చెవుడు తెచ్చే మార్పులు కనబడలేదని సుల్తాన్ ఖాబూస్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2001లో ప్రకటించారు. దోషం వేరు, దారి మాత్రం ఒకటే. అమ్మానాన్నలిద్దరికీ చక్కగా వినిపిస్తుంది, ఇద్దరిలోనూ ఒక్కో చెడు ప్రతి దాగుంటుంది, ఆ రెండూ కలిసిన బిడ్డకు వినిపించదు. అలా కలిసే అవకాశం ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒకటి.

మేనరికం చేసుకున్న ప్రతి జంటకూ ఇలా జరుగుతుందని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. మామూలు దంపతుల బిడ్డల్లో నూటికి రెండు మూడు ఉండే పుట్టుక లోపాల ప్రమాదం, బావామరదళ్ళ సంతానంలో మరో రెండు మూడు పెరుగుతుంది, అంతే. నూటికి తొంభై మందికి పైగా చక్కగానే పుడతారు. కానీ కుటుంబంలో ఇప్పటికే పుట్టు చెవుడు ఉన్న బిడ్డ ఉంటే లెక్క మారిపోతుంది. అక్కడ మళ్ళీ అదే ఇంటి పిల్లను, ‘ఆస్తి బయటికి పోకుండా’ తెచ్చుకునే ముందు జన్యు సలహాదారును కలవడం చాలా అవసరం. మన ఇళ్ళలో ఆ సమయానికి పురోహితుడు జాతకాలు చూస్తాడు గానీ రక్తం చూసేవాడు ఉండడు.

ఇక్కడ ఒక జాగ్రత్త. తప్పు ఎవరిదన్న వెతుకులాట మొదలైతే ఆ బరువు చివరికి తల్లి నెత్తిన పడుతుంది. అదీగాక చరిత్రలో పెద్దవాళ్ళే ఈ విషయంలో దారి తప్పారు. టెలిఫోను కనిపెట్టిన గ్రాహంబెల్‌గారి తల్లికీ, భార్యకూ వినిపించదు. ఆయన జీవితమంతా బధిరుల చదువు కోసమే తపించాడు. అటువంటి మనిషే 1883లో, బధిరులు బధిరులను పెళ్ళాడితే ఒక చెవిటి జాతి తయారవుతుందని ఒక నివేదిక రాసి వాళ్ళ మనసులు గాయపరచాడు. బధిరులు ఇప్పటికీ దాన్ని మరచిపోలేదు. ఒమన్ దారి అది కాదు. ఆచారాన్ని ఒక్కరోజులో మార్చలేమని తెలుసు గనుక, పుట్టిన బిడ్డకు వినిపిస్తోందో లేదో వెంటనే కనిపెట్టే పని మొదలుపెట్టారు.

దీనికి ఆధారమైన శాస్త్రం ముచ్చటైనది. 1978లో లండన్‌లో డేవిడ్ కెంప్ అనే శాస్త్రవేత్త, ఆరోగ్యమైన చెవి శబ్దాన్ని వినడమే కాదు, తిరిగి అతి సన్నని ప్రతిధ్వనిని పంపుతుందని కనిపెట్టాడు. నిద్రపోతున్న పసికందు చెవిలో చిన్న గొట్టం పెట్టి, టిక్కుటిక్కుమని శబ్దం పంపి, బదులు వస్తుందేమో చూస్తారు. సూది లేదు, మందు లేదు, కొద్ది నిమిషాల పని. బదులు రాకపోతే చెవుడని కాదు, మళ్ళీ చూడాలని అర్థం. ఒమన్‌లో 2000 దాటిన తొలి సంవత్సరాల్లోనే ప్రభుత్వ ఆసుపత్రుల్లో పుట్టిన పిల్లలకు ఈ పరీక్ష మొదలుపెట్టి, ఆ అనుభవాన్ని 2006లో అంతర్జాతీయ వైద్యపత్రికలో ప్రచురించారు. అమెరికాలో సైతం పుట్టిన పిల్లలందరికీ పరీక్ష చేయాలని జాతీయ ఆరోగ్య సంస్థ నిపుణులు చెప్పింది 1993లో. అంటే ఒమన్ మరీ వెనకబడిందేమీ లేదు. పుట్టిన ప్రతి వెయ్యి మందిలో ఒకరి నుంచి ముగ్గురు దాకా పిల్లలకు ఈ లోపం ఉంటుంది కాబట్టి, ఏటా వేల కాన్పులు జరిగే దేశంలో అది చిన్న సంఖ్య కాదు.

ఇంత తొందర ఎందుకంటే, మాట నేర్చుకోవడానికి మెదడుకు ఒక వయసు ఉంది. కొలరాడో విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్టీన్ యోషినాగా-ఇటానో 1998లో చూపించినదేమిటంటే, ఆరు నెలల లోపు లోపాన్ని గుర్తించి సాయం మొదలుపెట్టిన పిల్లలకు, ఆలస్యంగా గుర్తించిన పిల్లల కంటే భాష ఎంతో మెరుగ్గా వస్తుంది. అందుకే వైద్యులు ఒకటి, మూడు, ఆరు అంటారు. నెలలోపు పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు వైద్యం. మన ఇళ్ళలో లెక్క వేరు. ఏడాదిన్నరైనా బిడ్డ అత్త, తాత అనకపోతే, ‘వాళ్ళ నాన్నకీ ఆలస్యంగానే మాటలొచ్చాయి’ అంటుంది నానమ్మ. ‘మగపిల్లలకు ఆలస్యమే’ అంటుంది అమ్మమ్మ. నాలుక కింద తేనె రాస్తారు, మొక్కు మొక్కుతారు. తలుపు దబ్బుమంటే వాడు ఉలిక్కిపడ్డాడు గనుక వినిపిస్తోందని సమాధానపడతారు. నేల అదిరినా పసివాడు ఉలిక్కిపడతాడు, దానికి చెవి అక్కర్లేదు. రెండేళ్ళు అలా గడిచిపోతాయి. అవి తిరిగిరావు.

నత్తగుల్లలో ఎలక్ట్రోడులు అమర్చే కాక్లియర్ ఇంప్లాంటు వచ్చాక ఈ కాలవ్యవధి విలువ మరీ పెరిగింది. పదిహేను వేల రోమకణాల పనిని ఇరవై చిల్లర ఎలక్ట్రోడులతో చేయించడం, మా సిగ్నల్ ప్రాసెసింగ్ వాళ్ళు గర్వంగా చెప్పుకోదగ్గ విజయం. ఒమన్‌లో ఈ శస్త్రచికిత్సలు అల్ నహ్దాలో జరుగుతున్నాయి. మన దగ్గర 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో కాక్లియర్ ఇంప్లాంటును చేర్చడం వల్ల, లక్షలు పెట్టలేని ఎన్నో పేద కుటుంబాల పిల్లలకు శబ్దం పరిచయమైంది. కలాంగారి ప్రోత్సాహంతో విశాఖపట్నంలోని నౌకాదళ పరిశోధనశాల ఈ పరికరాన్ని స్వదేశంలోనే తయారుచేసే పని చేపట్టింది. జలాంతర్గాముల శబ్దాలు వినే శాస్త్రం పసిపిల్లల చెవికి ఉపయోగపడటం బాగుంది కదా. అయితే ఆపరేషనుతో పని అయిపోదు. తర్వాత ఏళ్ళ తరబడి మాటల శిక్షణ ఇప్పించాలి. అది లేకపోతే అంత ఖరీదైన పరికరం చొక్కా మీద నగలా మిగిలిపోతుంది. ఈ రంగానికి మన దేశంలో పెద్ద దిక్కైన, 1983లో బొంబాయిలో వెలసిన జాతీయ సంస్థకు మన హైదరాబాదు వాడైన నవాబు అలీ యావర్ జంగ్ పేరే పెట్టారు. దాని దక్షిణాది కేంద్రం సికింద్రాబాదులో ఉంది. పుట్టిన పిల్లల్లో చెవుడు గుర్తించాలని 2013 నుంచి జాతీయ బాల ఆరోగ్య కార్యక్రమంలోనూ ఉంది. కాగితం మీది ఆ మాట ఇంకా ప్రతి కాన్పు ఆసుపత్రికీ చేరలేదు. కాబట్టి మీ ఇంట్లో కాన్పు ఉంటే, వాళ్ళు అడగకపోయినా మీరే అడిగి పరీక్ష చేయించండి.

ఇక ఒమన్‌కు వెళ్ళిన మన కార్మికుల సంగతి. రాళ్ళు పగలగొట్టే డ్రిల్లు, జనరేటరు గది, గ్యాసు కంప్రెసర్, ఇనుప రేకులు కోసే యంత్రం, ఇవన్నీ తొంభై డెసిబెల్సు దాటే చోట్లు. పని స్థలాల్లో శబ్దంపై ఒమన్ 1994లోనే నిబంధనలు తెచ్చింది. 85 డెసిబెల్సు దాటితే చెవులకు రక్షణ ఇవ్వాలి. ఈ కొలత మామూలు కొలత కాదు. మూడు డెసిబెల్సు పెరిగితే శక్తి రెట్టింపు. 85 దగ్గర ఎనిమిది గంటలు భరించగలిగిన చెవి, 88 దగ్గర నాలుగు గంటలే భరిస్తుంది. 100 దగ్గర పావుగంటే.

ఈ నష్టం నొప్పి లేకుండా వస్తుంది. ముందు పోయేవి సన్నని, తీక్షణమైన స్వరాలు. స, శ, ఫ, థ లాంటి అక్షరాలు చెరిగిపోతాయి. మాట వినబడుతుంది, ఏమన్నారో తెలియదు. పదేళ్ళు పనిచేసి ఊరికి తిరిగొచ్చినవాడు ‘గొణక్కుండా చెప్పు’ అని భార్యను కసురుతాడు, ఆవిడ ‘గల్ఫ్‌కి పోయొచ్చాక ఈయనకు కోపమెక్కువైంది’ అనుకుంటుంది. గల్ఫ్ వీసాకు ముందు చేసే వైద్య పరీక్షలు ముఖ్యంగా క్షయ, హెపటైటిస్, హెచ్‌ఐవీ వంటివాటి కోసం. కార్మికుడి చెవిని కాపాడటం వాటి పని కాదు. వెళ్ళే ముందు ఒకసారి ఆడియోగ్రామ్ తీయించుకుని ఆ కాగితాన్ని పాస్‌పోర్టుతో పాటు దాచుకుంటే, తర్వాత ఎంత పోయిందో, ఎక్కడ పోయిందో చెప్పడానికి ఆధారం ఉంటుంది. ఖర్చు కొద్ది వందల రూపాయలు. గల్ఫ్‌లోని మన తెలుగు సంఘాలు పండుగ సంబరాలతో పాటు కార్మికుల శిబిరాల్లో చెవి పరీక్షలు పెట్టించగలిగితే ఎంతో మేలు. మస్కట్ ఇండియన్ సోషల్ క్లబ్‌లో తెలుగువారికి ఒక విభాగమే ఉంది.

అన్నట్టు, కార్మికుల గురించి చెబుతూ మన గురించి మరచిపోకూడదు. వినోద వేదికల్లో శబ్దం సగటున వంద డెసిబెల్సు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రమాణం పెట్టింది. ఈ మహాసభల సంగీత విభావరిలో స్పీకరు ముందు కూర్చునే పిల్లల తల్లిదండ్రులు ఆ మాట గుర్తుపెట్టుకుని నాలుగు వరసలు వెనక్కి జరిగితే మంచిది. నిర్వాహకులు నన్ను మన్నింతురు గాక.

మామూలు సంరక్షణ గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. గుబిలి మురికి కాదు, చెవికి కాపలా. అది తనంతట తానే బయటికి వస్తుంది. పిన్నీసు, అగ్గిపుల్ల, బైకు తాళంచెవి, దూది చుట్టిన పుల్ల, అన్నీ దాన్ని లోపలికి తోసేవే. వెల్లుల్లి వేసి కాచిన నూనె మన అమ్మమ్మల వైద్యం. కర్ణభేరికి చిల్లు ఉంటే అదే నూనె చీమును పెంచుతుంది. మస్కట్ తీరంలాంటి ఉక్కపోతలో నానిన చెవిలో బూజు కూడా పడుతుంది. చీము కారే చెవిని ‘పెద్దయితే అదే పోతుంది’ అని వదిలేయకూడదు. ఒమన్ సర్వే చెప్పిందీ అదే.

పెద్దవాళ్ళ విషయం మాత్రం కాస్త నిదానంగా చెప్పాలి. కళ్ళజోడు పెట్టుకోవడానికి మన నాన్నలు ఎవరూ సిగ్గుపడలేదు. చెవి యంత్రం అనేసరికి ‘నాకేం చెవుడా’ అంటారు. మతిమరుపు జబ్బును కొంతైనా నివారించగల కారణాల్లో వినికిడి లోపం ప్రధానమైనదని లాన్సెట్ వైద్యపత్రిక నిపుణుల సంఘం 2017 నుంచీ చెబుతోంది, 2024లో మరోసారి చెప్పింది. వినబడని మనిషి మాటలు తగ్గించుకుంటాడు, పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేస్తాడు, ఇంట్లో ఓ మూల కూర్చుంటాడు. దేశం కాని దేశంలో కొడుకు దగ్గరకు వచ్చిన తండ్రికి ఆ మూల మరింత చీకటి. మన ఊళ్ళో నుంచి ఫోను చేసిన అమ్మ ‘సరిగ్గా వినపడటం లేదు నాయనా, సిగ్నల్ లేదు కాబోలు’ అంటే, నెట్‌వర్కును తిట్టుకునే ముందు ఈసారి సెలవులకు వెళ్ళినప్పుడు ఆవిడను ఒకసారి చెవి డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి. పరీక్ష అరగంటలో అయిపోతుంది.